పంచాయతీ రికార్డుల పరిశీలన: ఏడాదిన్నర వాడాక రాస్తున్న సమీక్ష

హోటల్లో తిన్నవాళ్ళు ఇడ్లీ గురించి రాస్తారు, మిక్సీ కొన్నవాళ్ళు మోటారు గురించి రాస్తారు. మన పన్నులతో నడిచే సేవల గురించి మాత్రం వాడినవాళ్ళు రాయడం తక్కువ. అందుకే సమాచార హక్కు చట్టం కింద గ్రామ పంచాయతీ రికార్డులను చూసే సేవను ఇక్కడ సమీక్షకు తీసుకున్నాను. నకళ్ళు తెప్పించుకోవడం చాలామందికి తెలుసు. ఆఫీసుకు వెళ్ళి, కుర్చీలో కూర్చుని, అసలు పుస్తకాలను పేజీ పేజీ తిప్పి చూసే హక్కు కూడా అదే చట్టంలో ఉందన్న సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. ఏడాదిన్నరగా రెండింటినీ వాడాక, నకళ్ళకన్నా రికార్డుల పరిశీలనే ఎన్నో రెట్లు మేలని నా అభిప్రాయం స్థిరపడింది. మాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక మేజర్ పంచాయతీ. ఊరి పేరుగానీ మనుషుల పేర్లుగానీ రాయడం లేదు. రాస్తే ఇది సేవ గురించిన సమీక్షగా ఉండదు, మా ఊరి రాజకీయమై కూర్చుంటుంది.

ముందు ధర సంగతి. 2005లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం జారీ చేసిన ఫీజు నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుమే లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10 రూపాయలు. నకలు కావాలంటే ఏ4 పేజీకి 2 రూపాయలు. రికార్డులు చూడడానికైతే మొదటి గంటకు ఏమీ కట్టనక్కరలేదు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు దరఖాస్తు రుసుము ఎక్కడా చెల్లించనక్కరలేదు. ఎందుకు అడుగుతున్నావో చెప్పాల్సిన పని లేదని 6వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది, రాయడం రానివాళ్ళు నోటితో చెబితే దాన్ని కాగితం మీద పెట్టడానికి అధికారే సాయపడాలని కూడా అందులోనే ఉంది. ఇవేవీ తెలియక నేను మొదటి దరఖాస్తుకు పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేశాను. అది వద్దని ఎవరూ చెప్పలేదు, తిరిగి ఇవ్వనూ లేదు, ఇప్పటికీ ఆ ఫైల్లో గుండుసూదికి వేలాడుతూనే ఉంది.

నన్ను ఈ పనిలోకి దింపింది మా వీధి సీసీ డ్రైన్. పదిహేనో ఆర్థిక సంఘం నిధులతో కట్టిన ఆ కాలువ మూలమీద ఇంటికి కాస్త ముందే ఆగిపోయింది. వాన పడితే నీళ్ళు అక్కడ చేరి, రెండు రోజులు కదలవు. ఆ నిధుల్లో 2021–26 కాలానికి 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం వంటి నిర్దేశిత పనులకే వాడాలన్న షరతు ఉంది గనుక కాలువలకు డబ్బు లేదన్న మాట నాకు నమ్మబుద్ధి కాలేదు. అంచనా ప్రతి, ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, బిల్లు, ఓచరు, ఆ పని మంజూరు చేసిన తీర్మానం, వీటన్నిటి నకళ్ళు కావాలని రాసి ఇచ్చాను. చట్టం 30 రోజుల గడువు ఇచ్చింది, 27వ రోజున జవాబు వచ్చింది. మొత్తం 41 పేజీలు, 82 రూపాయలు కట్టమన్నారు. కట్టాను. గడువు విషయంలో ఈ సేవకు నేను పూర్తి మార్కులు వేస్తాను.

చేతికొచ్చిన సరుకు మాత్రం అంత బాగా లేదు. జిరాక్సుకు జిరాక్సు తీసిన కాగితాలు. నీలి సిరాతో రాసిన అంకెలు బూడిదరంగు మరకల్లా కనిపిస్తున్నాయి, రబ్బరు స్టాంపు పడినచోట అంకె పూర్తిగా మాయమైంది. బిల్లు సారాంశంలో కాలువ పొడవు 62 మీటర్లని ఒక్కచోట స్పష్టంగా ఉంది. పక్కింటి వడ్రంగి దగ్గర టేపు అడిగి తెచ్చి, మా అబ్బాయిని అవతలి కొస పట్టుకోమని కొలిస్తే 54 వచ్చింది. ఎనిమిది మీటర్ల కాలువను మింగేశారని ఆ రాత్రంతా మనసులో ఫిర్యాదు రాసుకుంటూనే ఉన్నాను. కలెక్టరుకు రాయాలా, పత్రికకు ఇవ్వాలా అన్నదొక్కటే అప్పటికి తేలలేదు.

రిటైరైన ఒక ఇంజినీరు గారికి ఆ కాగితాలు చూపిస్తే, ఆయన వాటిని తిరగేసి, ఎం-బుక్ చూడకుండా నోరు జారొద్దన్నారు. చట్టం 2వ సెక్షన్‌లోని (జె) క్లాజు సమాచార హక్కును నిర్వచించేచోట పనులను, పత్రాలను, రికార్డులను పరిశీలించడాన్నే ముందుగా చెప్పింది. నోట్సు రాసుకోవడం, ధ్రువీకరించిన నకళ్ళు తీసుకోవడం, చివరికి పనిలో వాడిన సామగ్రి నమూనాలు తీసుకోవడం కూడా అందులో ఉన్నాయి. కాలువ కాంక్రీటు ముక్కను నమూనాగా అడిగే హక్కు ఉందంటే మా వీధిలో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. నేను రెండో దరఖాస్తు నాలుగు వరుసల్లో రాశాను: ఫలానా పనికి సంబంధించిన రికార్డులన్నిటినీ, ఆ ఆర్థిక సంవత్సరపు నగదు పుస్తకాన్ని, ఓచర్ల ఫైలును స్వయంగా చూడదలిచాను, తేదీ, సమయం తెలియజేయగలరు.

ఒక గురువారం పదకొండు గంటలకు రమ్మన్నారు. పంచాయతీ కార్యదర్శి వయసులో మా అమ్మాయికన్నా చిన్నది. "కూర్చోండి సార్, ఏ పుస్తకం ముందు చూస్తారు?" అని అడిగి బీరువా తాళం తీసింది. ఎం-బుక్ అంటే గట్టి అట్టతో, పేజీలకు ముందే అంకెలు అచ్చువేసి ఉండే కొలతల పుస్తకం. పని వివరం, సంఖ్య, పొడవు, వెడల్పు, లోతు, మొత్తం అని గళ్ళుంటాయి. ఒక్కో వరుసలో ఒక్కో ముక్క కొలత రాసి, కింద కూడిక వేసి, కొలిచినవారు సంతకం పెడతారు, పై ఇంజినీరు చెక్ మెజర్‌మెంట్ చేసి, అంటే కొలతలు సరిచూసి, తన సంతకం పెడతారు. నాకు ఇచ్చిన నకల్లో పుస్తకం మడతలోకి పోయి తెగిపోయిన వరుసొకటి అసలు పేజీలో చక్కగా కనిపించింది. మొదటి వరుసలో 54 మీటర్లు. రెండో వరుసలో బడి ప్రహరీ పక్కన పలకలతో మూసిన భాగం, 8 మీటర్లు. ఇంజినీరింగ్ అసిస్టెంటు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి చూపించాడు కూడా. రోజూ ఆ పలకల మీద నుంచే నడిచి కిరాణా కొట్టుకు వెళుతున్నానని అప్పుడు తెలిసింది. రాత్రంతా రాసుకున్న ఫిర్యాదు అక్కడితో చిరిగిపోయింది. సిగ్గుపడ్డాను, కాని నకళ్ళనే నమ్ముకుని ఫిర్యాదు పంపి ఉంటే పడాల్సిన సిగ్గుతో పోలిస్తే అదెంత!

అయితే పరిశీలన అసలు విలువ ఆ తరువాత తెలిసింది. గంటలో ఇంకా ఇరవై నిమిషాలు మిగిలి ఉన్నాయి కదా అని ఓచర్ల ఫైలు తిప్పుతూ వెళితే అదే వీధి కాలువలో పూడిక తీసినందుకు కూలీ చెల్లించిన ఓచర్లు ఆ ఏడాదిలో మూడు కనిపించాయి. మూడోదాని తేదీ, కాలువ తవ్వి కాంక్రీటు పోస్తున్న నెలలోది. లేని కాలువలో పూడిక ఎలా తీశారని అడిగాను. కార్యదర్శి ఓచరు వంక, ఎం-బుక్ వంక రెండుసార్లు చూసి, "అప్పటికి నేను ఇక్కడ జాయిన్ అవలేదండీ" అంది. ఆమె చెప్పింది నిజమే. నేను ఆ ఓచరు నంబరు, తేదీ, మొత్తం నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఈ ఓచరు నకలు కావాలని నేనెప్పుడూ అడిగి ఉండేవాణ్ణి కాదు, ఎందుకంటే అలాంటిదొకటి ఉందని నాకు తెలియదు. దరఖాస్తులో పేరుపెట్టి అడిగిన కాగితమే నకలుగా వస్తుంది, ఫైలు తిప్పితే దాని ఇరుగుపొరుగు కాగితాలు కూడా కంటబడతాయి.

ఫోనుతో ఫొటోలు తీసుకోవచ్చా అన్నదానిమీద కాసేపు తర్జనభర్జన జరిగింది. నేను పట్టుబట్టలేదు. నోట్సు రాసుకునే హక్కు చట్టంలోనే ఉంది కాబట్టి కలం, నోటు పుస్తకం తీసుకువెళితే ఎవరితోనూ వాదన ఉండదు.

నిజానికి ఇంతదూరం రావలసిన అవసరమే ఉండకూడదు. చట్టం 4వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ కార్యాలయం తన విధులు, బడ్జెట్, ఖర్చులు, లబ్ధిదారుల వివరాలు వంటి 17 రకాల సమాచారాన్ని అడగకముందే తానుగా ప్రకటించాలి; అదీ స్థానిక భాషను, ఖర్చును, ఎలా చెబితే జనానికి బాగా చేరుతుందన్నదాన్ని దృష్టిలో పెట్టుకుని. మా పంచాయతీ గోడమీద రంగువేసిన బోర్డు ఒకటుంది. పౌర సమాచార అధికారి పేరు, అప్పీలు అధికారి పేరు రాసి ఉన్నాయి. ఆ ఇద్దరూ బదిలీపై వెళ్ళి చాలాకాలమైంది. ఖర్చుల పట్టికకు గీసిన గళ్ళు ఖాళీగా ఉన్నాయి, ఒక గడిలో ఎవరో పాలవాడి ఫోన్ నంబరు రాసుకున్నారు.

ఇంటర్నెట్లో చూసుకోవచ్చు కదా అనేవాళ్ళున్నారు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2020 ఏప్రిల్ 24న తెచ్చిన ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ఏటా తయారయ్యే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక, అందులోని పనులు, చెల్లింపులు ఎవరైనా లాగిన్ లేకుండా చూడవచ్చు. నేను ప్రతి దరఖాస్తుకు ముందు అక్కడికే వెళతాను. పని పేరు, సంవత్సరం, మొత్తం అక్కడ దొరికితే దరఖాస్తు సూటిగా రాయవచ్చు. కాని అక్కడ కనిపించేది స్థానికంగా ఎక్కించినవారు ఎంత వివరంగా ఎక్కిస్తే అంతే. మా కాలువ మూడు ఇంగ్లీషు ముక్కల్లో, వీధి పేరు లేకుండా ఉంది. ఆ మూడు ముక్కల వెనక ఏ వీధి ఉందో తెలుసుకోవాలంటే బీరువా తాళం తీయించక తప్పదు.

ఇక రాసుకున్న నోట్సును ఎక్కడ వాడాలన్న ప్రశ్నకు చట్టం చూపించే చోటు గ్రామసభ. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చినప్పటినుంచి గ్రామసభకు రాజ్యాంగంలోనే చోటుంది. ఊళ్ళో ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ దానికి సభ్యులే, ఎవరూ పిలవనక్కరలేదు. 1994 నాటి మన పంచాయతీరాజ్ చట్టం ప్రకారం వార్షిక లెక్కలు, ఆడిట్ నివేదిక, ఏడాదిలో చేయబోయే పనులు, కొత్త పన్నుల ప్రతిపాదనలు సభ ముందుకు రావాలి. తెలంగాణలో 2018 చట్టం రెండు నెలలకోసారైనా సభ జరపాలంటోంది. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. ఆరోజు మా ఊళ్ళోనూ బడి ఆవరణలో షామియానా వేశారు. మైకులో ఉపాధి హామీ పనుల జాబితా చదివారు, చప్పట్లు కొట్టాం, జాబితా ఆమోదం పొందింది. జనం వచ్చిన మాట నిజం, అంతకుముందు సభలకు కుర్చీలు నిండడం నేను చూడలేదు. అయితే లెక్కల సంగతి ఆరోజు ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు, ఎందుకంటే అప్పటికి నా చేతిలో అడగడానికి ఏమీ లేదు.

తరువాతి సభకు ఓచరు నంబరుతో వెళ్ళాను. "పూడికతీత డబ్బులు ఏమయ్యాయి" అని అడిగితే వచ్చే జవాబు వేరు, "ఫలానా నంబరు ఓచరు, ఫలానా తేదీ, ఆ నెలలో అక్కడ కాంక్రీటు పని జరుగుతున్నట్టు ఎం-బుక్‌లో ఉంది" అని అడిగితే వచ్చే జవాబు వేరు. వేదిక మీద కాసేపు గుసగుసలు నడిచాయి. విచారించి చెబుతామన్నారు. అది తీర్మానాల పుస్తకంలో రాయమని కోరాను, రాశారు. రాశారని ఎలా తెలుసంటే, వారం తరువాత మళ్ళీ పరిశీలనకు దరఖాస్తు పెట్టి చూశాను. సభ మొదలవకముందే హాజరు పుస్తకంలో సంతకాలు పెట్టించుకుని తీర్మానాలు తరువాత తీరిగ్గా రాసే అలవాటున్నచోట సభ తరువాత ఇలా మళ్ళీ దరఖాస్తు పెట్టడం తప్పనిసరి. ఆ ఓచరు మీద విచారణ ఇంకా నడుస్తోంది, డబ్బు దుర్వినియోగమైందో, తేదీ వేయడంలో పొరపాటు జరిగిందో నేను తేల్చి చెప్పలేను.

ఈ సేవకు ఫీజు పట్టికలో కనిపించని ధర ఒకటుంది. నగరంలో సమాచార దరఖాస్తు పెట్టినవాడెవడో పక్క ఫ్లాటువాడికి తెలియదు. ఊళ్ళో సాయంత్రానికల్లా టీకొట్టు దగ్గర తెలుస్తుంది. మా వార్డు సభ్యుడు నాకు బాబాయి వరస. దారిలో ఆపి, "ఏరా, నాతో ఒక్క మాట చెబితే నేనే చూపించేవాణ్ణి కదరా. కాగితాలు పెట్టి పరువు తీయడం దేనికి?" అన్నాడు. "నాకైతే చూపిస్తావు బాబాయ్. అవతలి పార్టీ వాళ్ళబ్బాయి అడిగితే చూపిస్తావా?" అన్నాను. ఆయన నవ్వి, టీ తాగుదాం పద అన్నాడు. మా బంధుత్వం అంత తేలిగ్గా తట్టుకుంది గాని, చిన్న కులంవాళ్ళకో, కౌలుకు చేసుకునేవాళ్ళకో, పింఛను ఆగిపోతుందన్న భయమున్న ముసలమ్మకో ఇది టీతో తీరిపోయే సంగతి కాదు. చట్టంలో కారణం అడగకూడదని ఉన్నా, ఊరు కారణం అడుగుతుంది.

సేవలో నాకు మరీ బలహీనంగా కనిపించిన భాగం అప్పీళ్ళది. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా తృప్తి కలగకపోతే, మరో 30 రోజుల్లో పై అధికారికి మొదటి అప్పీలు పెట్టుకోవాలి. గడువు దాటాక ఇచ్చే సమాచారానికి పేజీల రుసుము తీసుకోకూడదన్న నియమం ఉంది, అది గుర్తుచేస్తే పనులు కొంత వేగంగా కదులుతాయి. మొదటి అప్పీలుతోనూ పని కాకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్ళవచ్చు. తప్పు తేలితే సమాచారం ఇవ్వాల్సిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున, 25,000 దాకా జరిమానా పడుతుంది. అయితే కమిషన్ ఎన్ని రోజుల్లో తేల్చాలో చట్టం చెప్పలేదు. కిందివారికి 30 రోజులని గిరిగీసిన చట్టం, పైన ఉన్నవారికి మాత్రం తోచినప్పుడు చేయమన్నట్టుగా వదిలేయడం నాకు ఎప్పటికీ అర్థంకాని విషయం. అందుకే నేను వీలైనంతవరకు అప్పీలుదాకా పోకుండా, దరఖాస్తును చిన్నదిగా, ఒక్క పనికే పరిమితమై ఉండేలా రాస్తాను. పదేళ్ళ రికార్డులన్నీ ఇవ్వమని రాసే దరఖాస్తులు చూశాను. అవి అధికారిని భయపెట్టవు, తప్పించుకునే దారి చూపిస్తాయి.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తెచ్చిన మార్పును కూడా వాడకందారులు గమనించాలి. ప్రజా కార్యకలాపాలతో సంబంధంలేని, లేదా గోప్యతను అనవసరంగా భంగపరిచే వ్యక్తిగత సమాచారాన్ని మాత్రమే ఇవ్వనక్కరలేదన్న పాత నిబంధన, వ్యక్తిగత సమాచారమైతే చాలు ఇవ్వనక్కరలేదు అనేంత వెడల్పుగా మారింది. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చన్న 8వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ అలాగే ఉంది. అయినా ఇళ్ళ లబ్ధిదారుల జాబితా, మస్టర్ల (కూలీల హాజరు పట్టికల) మీద పేర్లు అడిగేవాళ్ళకు ఇకపై ఈ నిబంధన ఎదురు రావచ్చని నా అనుమానం. పేర్లే లేకపోతే మస్టరుతో చేసేదేముంది? 1994లో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం పెట్టిన జనసునవాయిల్లో (బహిరంగ విచారణల్లో) పల్లెజనం ముందు మస్టర్లు, బిల్లులు గట్టిగా చదివి వినిపించారు. పని చేయనివాళ్ళ పేర్లు, కట్టని కట్టడాల లెక్కలు అలాగే బయటపడ్డాయి. పంచాయతీ పనుల లెక్కల కోసం మొదలైన ఆ పోరాటమే పెరిగి పెద్దదై ఈ చట్టాన్ని సాధించింది.

మన దగ్గరా అలాంటి మంచి నమూనా ఉంది. ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ 2006లోనే మొదలైంది, దానికోసమే ప్రత్యేక సంస్థను 2009లో ఏర్పాటు చేశారు. శిక్షణ పొందిన గ్రామ యువకులు మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, నువ్వు ఇన్ని రోజులు పనిచేశావా, ఇంత కూలీ ముట్టిందా అని అడిగి రాసుకుంటారు. పనులను టేపుతో కొలుస్తారు, చివరికి మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి అధికారుల ఎదుటే చదువుతారు. అక్కడ దరఖాస్తుదారు ఒంటరివాడు కాడు, అడిగేది ఒక వ్యవస్థ. ఆర్థిక సంఘం నిధుల పనులకు, ఇంటి పన్ను, కుళాయి పన్ను లెక్కలకు కూడా ఇదే పద్ధతి మా ఊళ్ళో అంతే క్రమంగా జరిగి ఉంటే, నేను వడ్రంగి టేపు అరువు తెచ్చుకునే పని ఉండేది కాదు.

అయిదుకు మార్కులు వేయమంటే నకళ్ళ సేవకు రెండున్నర, పరిశీలనకు నాలుగు వేస్తాను. అప్పీళ్ళకు ఒకటి వేయడం కూడా నా ఉదారతే.

మొన్న మా వీధి డ్వాక్రా సంఘం లీడరు అక్క వచ్చి, కుళాయి కనెక్షన్ల డిపాజిట్ల రిజిస్టరు చూడాలని ఉంది, దరఖాస్తు నమూనా ఇవ్వమంది. నాది ఇచ్చాను. ఆవిడ దాన్ని చదివి, ఇంత భాష ఎందుకని పక్కనపెట్టి, తన మాటల్లో మూడు వరుసలు రాసుకుంది. వచ్చే బుధవారం రమ్మన్నారట. కళ్ళజోడు, రెండు పెన్నులు, గీతల నోటు పుస్తకం మరిచిపోవద్దన్నాను. మధ్యాహ్నమైతే ఆ గదిలో కరెంటు పోతుంది కాబట్టి పదిన్నరకే వెళ్ళి కిటికీ పక్క కుర్చీ చూసుకోమని చెప్పాను.